‘ముందు’ ఫోటో నాది

నేను ఇప్పుడు బాగానే ఉన్నాను. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళ కళ్ళు నా మెడ నుంచి కిందికి జారి, మళ్ళీ పైకొస్తాయి. ‘ఎక్కడ బాగున్నవ్’ అని పైకి అనరు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. నేను సన్నబడలేదు. కొంచెం తగ్గాను. అది నాకూ నా డాక్టరుకూ తప్ప ఎవరికీ కనబడదు. బాగున్నానంటే పొద్దున లేస్తున్నాను, స్నానం చేస్తున్నాను, బడికి పోతున్నాను, నా కూతురితో కొట్లాడుతున్నాను. పోయిన ఏడాది వీటిలో ఒక్కటీ చేయలేదు.

ఎవరికో బుద్ధి చెప్పాలని రాయడం లేదు. నాలాగా లావుగా ఉండి, తలుపు దగ్గరికేసుకుని లోపల కూర్చున్న మనిషి ఎవరైనా చదివితే, అట్లాంటి గదిలో నేనూ కూర్చున్నానని తెలియాలి. ఇంకో కారణం కూడా ఉంది. నాకింకా రోత పోలేదు. రాస్తే పోతుందేమో చూద్దామని.

జూన్, బడులు తెరిచినప్పుడు

నా పేరు స్వరూప. ఉండేది సీతాఫల్‌మండి. తిరుమలగిరిలో ఒక ప్రైవేటు బడిలో పెద్ద తరగతులకు లెక్కలు చెప్తాను. మా ఆయన రవీందర్ రాణీగంజ్‌లో మోటారు సామాన్ల దుకాణంలో పని చేస్తాడు. మాకు ఒక్కతే బిడ్డ, మనస్వి. అప్పుడు తొమ్మిదిలో ఉంది, వేరే బడి.

ఎట్లా లావయ్యావని అందరూ అడుగుతారు. కాన్పు తర్వాత కొంత, థైరాయిడ్ వచ్చాక కొంత, మా అమ్మ పోయిన ఏడాది చాలా. ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు. అడిగేవాళ్ళకు కావాల్సింది జవాబు కూడా కాదు. ‘బాగా తింటది’ అని మనసులో అనుకునే వచ్చి అడుగుతారు.

ఇట్లాంటి ఒంట్లో ఉండడమే ఒక ఉద్యోగం. కూర్చునే ముందు కుర్చీ కాళ్ళు చూసుకోవాలి. షేరు ఆటో ఆగితే లోపల ఉన్నవాళ్ళ మొహాలు చూసి, తర్వాతి దానికోసం ఆగాలి. లిఫ్టు కుయ్యిమంటే అందరికంటే ముందు నేనే నవ్వాలి. ఇంకా ఎవరూ చెప్పుకోనివి ఉన్నాయి. రొమ్ముల కింద, పొట్ట మడత కింద చర్మం ఒరుసుకుపోయి పచ్చిగా ఉంటుంది. పౌడరు చల్లితే చెమటకు తడిసి పిండి ముద్దలా పేరుకుంటుంది. మధ్యాహ్నానికి ఒక వాసన మొదలవుతుంది, తడిబట్టను బకెట్లో మరిచిపోతే వస్తుందే, అది. ఆ వాసన నా నుంచే వస్తోందని తెలిసిన రోజు నుంచీ స్టాఫ్ రూంలో కిటికీ పక్క కుర్చీ నాది. చల్లగాలి కోసం కూర్చుంటానని అనుకునేవాళ్ళు.

ఆ జూన్‌లో ఒకరోజు తరగతికి పోయేసరికి బోర్డు మీద పెద్ద గుండ్రని బొమ్మ, దానికి కళ్ళద్దాలు, పక్కన గోళం ఘనపరిమాణం సూత్రం రాసి ఉన్నాయి. పిల్లలందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నేను సుద్దముక్క తీసుకుని, “ఫార్ములా తప్పు రాసిండ్రు. నాలుగు బై మూడు ఎక్కడ పోయింది?” అని దిద్దాను. తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. గెలిచాననే అనుకున్నాను. తర్వాత బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

వారం తిరక్కుండానే ప్రిన్సిపల్ పిలిచారు. “మేడం, మీరు మెట్లెక్కుతుంటే మాకే తక్లీఫ్ అయితుంది. కొన్ని రోజులు ఆఫీసుల కూసోండి. పిల్లలు సుత జెర నవ్వుతున్నరు, మీకెందుకు ఇవన్నీ” అన్నారు. ఆయన గొంతులో దయ ఉంది. ఆ దయకే ఒళ్ళంతా జలదరించింది. ఆఫీసులో కూర్చోనని చెప్పి సెలవు పెట్టాను.

ఆ బడిలో నాతో టిఫిన్ డబ్బా పంచుకునే మనిషి ఒక్కరే, విజయశ్రీ గారు. తెలుగు చెప్తారు. కాకినాడ వైపు నుంచి పెళ్ళయి ఇక్కడికి వచ్చారు. గేటు దాకా నాతో నడిచి, “సెలవు పెట్టండి, తప్పులేదు. కానీ ఫోన్ చేస్తే తీయాలండీ, మీరు తీయకపోతే నేనూరుకోను” అన్నారు. తీస్తానన్నాను. తీయలేదు.

బోనాల నెల

మోకాళ్ళు పట్టేశాయి. రవీందర్ దుకాణంలో అడిగి ఒక పూట సెలవు తీసుకుని, ఎముకల ఆసుపత్రికి తీసుకుపోయాడు.

వెయిటింగ్ హాల్లో ఇనుప కుర్చీలు ఒకదానికొకటి అతికించి ఉన్నాయి, మధ్యమధ్య చేతులు. నేను పట్టను. కాబట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాను. మోకాళ్ళ నొప్పికి వచ్చి నిలబడడం! రవీందర్ కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ చేయి ఊపింది.

“గిట్ల కూసో బిడ్డా, ఎంతసేపు నిలబడతవ్?”

“పర్వాలేదమ్మా.”

ఆమె కుర్చీని చూసింది, నన్ను చూసింది. అర్థమైంది. నేను భరించలేనిది సరిగ్గా ఆ క్షణాన్నే, అవతలి మనిషికి అర్థమయ్యే ఆ క్షణాన్ని. కానీ ఆమె మొహం తిప్పుకోలేదు. మెల్లగా లేచి నా పక్కకు వచ్చి గోడకు ఆనుకుంది. “నాకు సుత కూసుంటే నడుం పడతది” అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నా పేరు పిలిచేదాకా తన కోడలి గురించి, మోండా మార్కెట్‌లో టమాటల గురించి ఏదో ఒకటి చెప్తూ నాతోపాటు నిలబడింది. ఆమె పేరు అడగలేదు. ఆ ఏడాది మొత్తంలో మంచిది ఏదైనా ఉందా అంటే మొదట ఆమే గుర్తొస్తుంది.

లోపల నర్సు బీపీ పట్టీ చుట్టింది. గాలి కొట్టగానే అది పర్రుమని ఊడింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ ఊడింది. “మీ సైజుది మా దగ్గర లేదు మేడం” అని పక్కామెను చూసి నవ్వింది. డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. మోకాలు ముట్టుకోలేదు.

“ముందు బరువు తగ్గి రండి. తర్వాత మోకాలు చూద్దాం.”

“తగ్గేదాకా నొప్పికి ఏం చేయాలె సార్?”

“తక్కువ తినండి.”

పక్కన రవీందర్ తలూపాడు. డాక్టరు మాట కంటే ఆ తలూపడమే నాలో దిగింది. బయటికి వచ్చాక అడిగాను, “ఎందుకు తలూపినవ్?” అని.

“ఆయన చెప్పింది తప్పా?” అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు బేకరీ నుంచి తెచ్చిన కొబ్బరి దిల్‌పసంద్ పొట్లం విప్పి, వంటింట్లో నిలబడి మొత్తం తిన్నాను. అట్లా తింటున్నప్పుడు రుచి తెలియదు. అయిపోయాక మాత్రం ప్రతి ముక్కా తెలుస్తుంది. నోట్లో తీపి, గొంతులో చీదర. ఆ చీదర పోవడానికి మళ్ళీ ఏదో ఒకటి కావాలి.

వానలు తగ్గాక

రవీందర్ వాళ్ళ అక్క సుజాత మాకు రెండు గల్లీల అవతల ఉంటుంది. సుజాత వదిన మనసు చెడ్డది కాదు, కానీ ఎదుటివాళ్ళ జీవితం సరిచేయకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

“స్వరూపా, నా మాటిను. మా దగ్గర లావణ్య మేడం అని ఉన్నది. ఎంతమందిని సన్నగ చేసిందో! పొద్దుగాల వాళ్ళిచ్చే పౌడరు తాగాలె, అంతే. నిన్ను చూస్తే మా తమ్ముడు పరేషాన్ అయితుండు, నీకు తెల్వదు.”

ఆ చివరి మాటకే పోయాను.

ఒక ఇంటి పైభాగంలో పెద్ద గది. దాన్నే క్లబ్బు అనేవాళ్ళు. గోడల నిండా అద్దాలు. పొద్దున్నే పాటలు పెట్టి, తెల్లటి పొడి నీళ్ళలో కలిపి ఇచ్చేవాళ్ళు. వెనిలా వాసన. దాని కింద ఇంకేదో మందు వాసన. తాగాక ఒక్కొక్కరినీ కాంటా ఎక్కించి, బరువు మైకులో చదివేవాళ్ళు. తగ్గితే అందరూ చప్పట్లు కొట్టాలి. పెరిగితే అందరూ కలిసి ‘అయ్యో’ అనాలి. నలభై దాటిన ఆడవాళ్ళు, మనవలున్నవాళ్ళు, బుద్ధిగా నిలబడి ‘అయ్యో’ అనేవాళ్ళు. నేనూ అన్నాను.

చేరిన రోజే ఫోటో తీశారు. గులాబీ రంగు బిగుతు టీషర్టు ఇచ్చి, ఆకుపచ్చ తెర ముందు నిలబెట్టారు. నేను అలవాటుగా ఊపిరి బిగబట్టాను.

“కడుపు లోపటికి గుంజకండి అక్కా. వదలండి. ఇంకా వదలండి” అంది లావణ్య.

వదిలాను. పక్కకు తిరగమంది, తిరిగాను. “ఇది మా దగ్గర్నే ఉంటది. తగ్గినంక మీకే చూపిస్తం, మీరే నమ్మరు” అంది.

మొదట తగ్గాను. చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ చప్పట్లు నాకు నచ్చాయి. మా అమ్మ పోయాక నన్ను చూసి ఎవరూ అంత సంతోషపడలేదు. తర్వాత కాంటా ఆగిపోయింది. ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి, ఇంట్లో అందరి మీదా అరుస్తున్నాను, ముల్లు మాత్రం కదలడం లేదు. ఒకరోజు పెరిగింది.

లావణ్య మైకు కింద పెట్టకుండానే అంది, “నిజం చెప్పు అక్కా, ఇంట్ల దొంగతనంగ తింటున్నవ్ కదా?”

అందరూ నవ్వారు. దొంగతనమట. నా ఇంట్లో నా అన్నం. ‘అయ్యో’ పూర్తికాకముందే చెప్పులేసుకుని వచ్చేశాను.

డిసెంబర్

దసరా ఎట్లా గడిచిందో గుర్తులేదు. ఆ నెలలన్నీ ఒకే మధ్యాహ్నంలా ఉన్నాయి. పరదాలు వేసి మంచం మీద ఉండేదాన్ని. స్నానం చేయాలంటే ఒంటిని ముట్టుకోవాలి, ముట్టుకోవాలంటే రోత. అందుకని చేయకపోయేదాన్ని. చేయకపోతే మడతల్లో చర్మం చెడి ఇంకా రోత. బీరువా అద్దానికి పాత చున్నీ కట్టాను. కూర్చుంటే కునుకు పట్టేది, పడుకుంటే ఊపిరాడక లేచేదాన్ని. నా గురక భరించలేనని రవీందర్ హాల్లోకి మారాడు. గురక కాదు, నన్నే భరించలేక అనుకున్నాను.

మనస్వి బడి నుంచి వచ్చి నా గది గుమ్మంలో నిలబడి ఏదో ఒకటి చెప్పేది. ఒకరోజు ఏమీ చెప్పలేదు. అన్నం తినలేదు. సంచీ సర్దుకుంటూ, నన్ను చూడకుండా అంది, “మమ్మీ, నువ్వు కొన్ని రోజులు బయటికి పోకు.”

“నేనెక్కడ పోతున్న?”

“ఏమో. పోకు అంతే.”

నా బిడ్డకు నేనంటే సిగ్గని ఆ రోజు నిశ్చయించుకున్నాను.

మర్నాడు సుజాత వదిన ఫోన్ చేసింది. నవ్వుతోంది. “ఏందే స్వరూపా, చౌరస్తల నీ ఫ్లెక్సీ పడ్డది! లీడర్లకు పడ్డట్టు!”

చున్నీ మొహానికి చుట్టుకుని పోయాను. ఎన్నో వారాల తర్వాత ఇల్లు దాటడం. ఎండ కళ్ళలో గుచ్చింది. మూలమీద టీ కొట్టు పైన కట్టారు. ఎడమ వైపు నేను. గులాబీ టీషర్టు, వదిలేసిన కడుపు, చెమటకు అంటుకున్న జుట్టు. కింద ‘ముందు’ అని ఎర్ర అక్షరాలు. కుడి వైపు అదే రంగు టీషర్టులో సన్నటి నడుంతో ఒక ఆడమనిషి, మొహం అటు తిప్పుకుని ఉంది. కింద ‘తర్వాత’. రెండింటికీ కలిపి ఒకటే పేరు: ‘స్వప్న, గృహిణి’.

నా పేరు మార్చారు. నా మొహం మార్చలేదు. నా స్థానంలో ఎవరినో తెచ్చిపెట్టి, ఈమె అట్లా అయిందని జనానికి చెప్తున్నారు.

కింద టీ తాగుతున్న ఇద్దరు మగవాళ్ళు పైకి చూస్తున్నారు.

“అరే, గీమె గిట్లయిందంటవా?”

“చల్, నమ్ముతున్నవా? ఆ బర్రె తగ్గుతదా?”

నేను వాళ్ళ వెనకే ఉన్నాను. పక్క సందులోకి పోయి గోడ పట్టుకుని కక్కుకున్నాను. ఏమీ తినలేదు కాబట్టి పసరు మాత్రమే వచ్చింది. ఆ మనుషుల మీద కాదు, లావణ్య మీద కూడా కాదు, అప్పుడు నా అసహ్యమంతా ఆ ఎడమ సగం మీదే. వాళ్ళు చూసింది నిజమే కదా, అట్లాగే ఉన్నాను కదా అనిపించింది.

ఇంటికి వచ్చి కూర్చున్నాను. ఈ ఒళ్ళు లేకపోతే ఇంట్లో అందరికీ నయం అన్న ఆలోచన చాలా ప్రశాంతంగా, తీరిన లెక్కలాగా వచ్చింది. ఏడుపు లేదు. భయం లేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ ప్రశాంతతే భయపెడుతుంది. రవీందర్ వచ్చి, ఫ్లెక్సీ సంగతి తెలిసి, “ఫోటోలు దిగేటప్పుడు సోయి ఉండాలె కదా” అన్నాడు. నేను జవాబివ్వాలనిపించే చోటు దాటి పోయాను.

రెండు రోజుల తర్వాత తలుపు బాదుతున్నారు.

“స్వరూప గారూ, విజయశ్రీనండీ. ఫోన్ తీయరు, మెసేజ్ చూడరు. మీరు తలుపు తీసేదాకా నేనిక్కడి నుంచి కదిలేది లేదు.”

తీశాను. నూనె ఓడుతున్న జుట్టు, ఎన్నాళ్ళదో తెలియని నైటీ. గదిలో వాసన. ఆవిడ ముక్కు మూసుకోలేదు, కానీ ఒక్క క్షణం ఊపిరి ఆపడం నేను చూశాను. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. వాసన వస్తే ఎవరైనా ఆపుతారు. ఆపాక కూడా లోపలికి వచ్చి మంచం మీద నా పక్కన కూర్చున్నారు.

“చౌరస్తాలో చూశానండీ. ఎవరు కట్టారో వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. మీరు ఎలా ఉన్నారు? నిజం చెప్పండి.”

“బతకబుద్ధి కావట్లేదు” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుందని నాకే తెలియదు.

ఆవిడ ఏడవలేదు, ‘అట్లా అనకూడదు’ అనలేదు. రవీందర్‌కు ఫోన్ చేసి, “మీరు వెంటనే ఇంటికి రండి. మీ ఆవిడను ఒంటరిగా ఉంచకూడదు” అన్నారు. అతను వచ్చేదాకా నా చేయి వదల్లేదు. వచ్చాక అతని ముందు నాచేత ఆ మాట మళ్ళీ చెప్పించారు. రవీందర్ అట్లాగే నిలబడిపోయాడు, చేతిలో బండి తాళాలు పట్టుకుని.

ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా అట్లాంటి ప్రశాంతత వచ్చి ఉంటే, ఒక్క మనిషికైనా చెప్పండి. ఎవరైనా సరే. చెప్పాక అది అంత ప్రశాంతంగా ఉండదు. అదే మంచిది.

చలి పోయేటప్పుడు

మానసిక వైద్యుల దగ్గరికి అంటే ఇంట్లో గొడవ అవుతుందనుకున్నాను. రవీందర్ మర్నాడే బండి తీశాడు. గొడవ సుజాత వదిన చేసింది. “పిచ్చోళ్ళ దవాఖానకా? బరువు తగ్గితే అదే మంచిగయితది!” అని. రవీందర్ ఆమెను చూసి, “అక్కా, నువ్విగ జెర ఊకో” అన్నాడు. అతను అక్కను ఎదిరించడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

డాక్టరమ్మ గదిలో చేతుల్లేని బల్ల ఉంది. కూర్చున్నాను. ఆమె నిద్ర గురించి అడిగింది. ఏడుపు, తిండి, మా అమ్మ, బడి, ఇంట్లో ఎవరితో మాట్లాడతాను, చచ్చిపోవాలని ఎప్పుడెప్పుడు అనిపిస్తుంది, ఇవన్నీ అడిగింది. నేను చెప్తూనే ఆ ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నాను. రాలేదు. చివరికి నేనే ఉండబట్టలేక అన్నాను.

“మేడం, మీరు నా బరువు గురించి అడగలేదు.”

“అడుగుతా. తొందరేముంది, అది ఎక్కడికీ పోదు. మీరు పోకూడదు కదా, ముందు అది చూసుకుందాం.”

చాలా నెలల తర్వాత ఏడుపు వచ్చింది.

లావు వల్ల దిగులా, దిగులు వల్ల లావా అని మరో రోజు అడిగాను. “రెండూ ఒకదాన్నొకటి మేపుతున్నయ్ అమ్మా. ఒకదానికే మందేస్తే రెండోది ఊకుంటదా?” అంది. మందులు రాసింది, వారం వారం మాట్లాడడానికి రమ్మంది. చర్మానికి వేరే డాక్టరు దగ్గరికి పంపింది. ఒక్క లేపనంతో పచ్చిపుండ్లు మానాయి. ఇన్నేళ్ళూ అది నేను తిన్నదానికి శిక్ష అనుకున్నాను, లేపనం ఉంటుందని ఎవరూ చెప్పలేదు! నిద్ర పరీక్ష చేయిస్తే, నిద్రలో ఊపిరి ఆగిపోతోందన్నారు. మొహానికి పెట్టుకునే గాలి మిషన్ ఇచ్చారు. దానితో నిద్రపోయి లేచిన మొదటి పొద్దున, మనుషులు రోజూ ఇట్లా లేస్తారా అని ఆశ్చర్యపోయాను. బద్ధకం అని అందరూ అన్నది, నేనూ నమ్మింది, ఊపిరాడకపోవడమట.

మందులు మొదట్లో నోరు ఎండించాయి, చేతులు వణికించాయి. రెండుసార్లు మానేస్తానన్నాను. మనస్వి గ్లాసు పట్టుకుని నిలబడేది. ఒకరోజు దానితో అన్నాను, “నేనంటే నీకు సిగ్గని తెల్సు బిడ్డా. బయటికి పోకన్నవ్ కదా.”

అది నన్ను వింతగా చూసింది. “ఫ్లెక్సీ చూస్తవని పోవద్దన్న మమ్మీ. బడి వ్యాన్‌ల అందరు చూసిండ్రు. నువ్వు చూస్తే ఏమయితదో అని.” గ్లాసు నా చేతిలో పెట్టి, “సిగ్గు సుత అయింది. అబద్ధమెందుకు చెప్పాలె. కానీ ఎక్కువ కోపం వచ్చింది” అంది.

ఆ నిజానికి నేను దాన్ని దగ్గరికి లాక్కున్నాను. పక్కకు జరగలేదు అది.

రవీందర్‌ను కూడా అడిగాను, నేనంటే అసహ్యమా అని. “నీ మీద కాదు. ఏం చేయాలో తెల్వక, నా మీద నాకే” అన్నాడు. నమ్మానో లేదో ఇప్పటికీ చెప్పలేను. హాల్లోంచి మాత్రం తిరిగి వచ్చాడు.

ఎండాకాలం

ఫ్లెక్సీ అప్పటికీ అక్కడే ఉంది. ఎండకు నా మొహం కొంచెం వెలిసింది.

ఒక పొద్దున క్లబ్బుకు పోయాను. రవీందర్ బండి కింద ఆపి, “పైకి రానా?” అన్నాడు. వద్దన్నాను. “పిలిస్తే వస్త” అన్నాడు. మనస్వి మాత్రం అడగకుండానే నా వెంట ఎక్కింది.

అందరూ వరసగా నిలబడి ఉన్నారు. అదే పాట, అదే వెనిలా వాసన. లావణ్య నన్ను చూసి మొహం నిండా నవ్వింది.

“వచ్చినవా అక్కా! మల్ల షురూ చేద్దామా?”

“ఫ్లెక్సీ మీద ‘తర్వాత’ ఎవరు?” అన్నాను.

“లోపట మాట్లాడుకుందాం రా.”

“ఇక్కడనే చెప్పు. ‘ముందు’ నేను. ‘తర్వాత’ ఎవరు?”

పాట ఎవరో ఆపారు. లావణ్య మైకు కింద పెట్టింది. “అది మోటివేషన్ అక్కా. నీ ఫోటో చూసే ఎంతమంది చేరిండ్రో తెల్సా? నీ వల్ల వాళ్ళకు మంచే అయింది కదా.”

ఆమె సిగ్గుపడుతుందని ఎదురుచూశాను. పడలేదు. నిజంగానే నాకు మేలు చేసినట్టు చూస్తోంది. అప్పుడు నా అసహ్యం నా మీద నుంచి లేచింది. ఇన్నాళ్ళూ అది పడాల్సిన చోట పడలేదు.

“నన్ను చూస్తే వీళ్ళకు భయమైతది, ఆ భయాన్ని నువ్వు అమ్ముకుంటున్నవ్. నా కడుపు వదలమన్నది అందుకే కదా? ఇయాల్నే దించు. లేకుంటే నేను మూల మీద నిలబడి, ‘ముందు’ నేనే, ‘తర్వాత’ సుత నేనే, చూడుండ్రి అని వచ్చేపోయేటోళ్ళకు చెప్తా. పోలీసుల దగ్గరికి సుత పోతా.”

మాటలు మధ్యలో తెగాయి. ధైర్యంగా ఏమీ లేదు. చంకల్లో చెమట కారుతోంది, వాసన వస్తోందేమోనని కూడా అనుకున్నాను. అయినా అక్కడే నిలబడ్డాను. వరసలో ఒకామె కాంటా మీది నుంచి దిగిపోయింది. ఇంకొకామె తన సంచీ తీసుకుంది.

సాయంత్రానికి ఫ్లెక్సీ దిగింది. ఫోటో మాత్రం దిగలేదు. ఎవరెవరి ఫోన్లలోనో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని నేనేమీ చేయలేను.

మళ్ళీ జూన్

బడిలో నన్ను మళ్ళీ తరగతులకే పంపాలని అడిగాను. కింది అంతస్తులో రెండు తరగతులు ఇచ్చారు. పిల్లలు నవ్వుతారు. కొన్నిసార్లు బోర్డు మీద గీస్తారు. నేను వాళ్ళను నిలబెట్టి, ఎందుకు గీశారని అడుగుతాను. వాళ్ళు తల దించుకుంటారు. నేను మాత్రం నవ్వి వదిలేయడం మానుకున్నాను.

అంతా చక్కబడిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో ఒంటిని చూసుకుంటే ముందు వచ్చేది రోతే. ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు వంటింట్లో నిలబడి తింటాను. అప్పుడు డాక్టరమ్మకు చెప్తాను. ఆమె ‘అయ్యో’ అనదు.

పోయిన వారం ఒక ఫోన్ వచ్చింది. “అక్కా, నేను మల్లేశ్వరి. నువ్వు క్లబ్బుకు వచ్చిన రోజు కాంటా దిగింది నేనే. నా ఫోటో సుత వాళ్ళ దగ్గర ఉన్నది. మా కోడలు ముందట పడితే నేను బతకనక్కా. ఏం చేయాలె?”

ఆ చివరి మాట నాకు తెలిసిన మాట. డాక్టరమ్మ పేరు, ఎప్పుడు కూర్చుంటుందో, బల్లకు చేతులుండవని కూడా చెప్పాను. తర్వాత, “ఫోటో సంగతి రేపు పొద్దున చూద్దాం. ఇద్దరం పోదాం” అన్నాను.

మల్లేశ్వరి నాకంటే లావు. క్లబ్బు మెట్లు ఇరుకు. పక్కపక్కన ఎక్కలేక ఆమెను ముందు పెట్టి, నేను వెనక ఎక్కాను. మధ్యలో ఆమె ఆయాసంతో ఆగిపోయింది. అదే సమయానికి పైనుంచి నలుగురైదుగురు దిగుతూ వచ్చారు, మెడలో టవళ్ళు, చేతుల్లో పొడి కలిపిన సీసాలు. మల్లేశ్వరి గాభరాగా వెనక్కి తిరిగి, “అక్కా, వాళ్ళకు తోవ ఇద్దాం, దిగుదాం” అంది.

“ఎందుకు?” అన్నాను. “మనం ఎక్కుతున్నం. వాళ్ళే ఆగుతరు.”

వాళ్ళు మమ్మల్ని కిందినుంచి పైదాకా చూశారు. ఒకామె పెదవి విరిచింది. అయినా ఒక్కొక్కరుగా వెనక్కి ఎక్కి, పైన తలుపు దగ్గర గోడకు అతుక్కుని నిలబడ్డారు. మేము ఊపిరి తీసుకున్నాం. తొందరేమీ పడకుండా ఎక్కాం.